పెలాగియన్ వివాదం

మనిషి పుట్టుకతోనే పాపానికి లోబడి ఉంటాడా, మంచిని ఎంచుకునే శక్తి అతని స్వభావంలోనే ఉందా అనే ప్రశ్నపై క్రీ.శ. 5వ శతాబ్దపు క్రైస్తవ లోకంలో సాగిన వాదం. బ్రిటన్‌కు చెందిన తపస్వి పెలాగియస్, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్ అగస్టీన్ (354–430) ఇందులో ప్రధాన ప్రత్యర్థులు.

వాదాలు: రోమ్ క్రైస్తవుల నైతిక అలసత్వం చూసి పెలాగియస్ కలత చెందాడు. చేయలేని పనిని దేవుడు ఆజ్ఞాపించడని, ఆదాము తప్పు అతని సంతతికి చెడ్డ ఉదాహరణే తప్ప వారసత్వంగా సంక్రమించే దోషం కాదని బోధించాడు. అగస్టీన్ దీన్ని అంగీకరించలేదు. పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి పియర్ పండ్లు దొంగిలించిన సంగతిని ఆయన తన ఆత్మకథ ‘కన్ఫెషన్స్’లో విప్పి చెప్పాడు. అప్పుడు ఆకలి లేదు. అంతకన్నా మంచి పండ్లు ఆయన దగ్గరే ఉన్నాయి. కోసినవాటిలో చాలావరకు పందుల పాలయ్యాయి. తప్పు చేయడంలోని సంతోషమే ఆ పనికి కారణం. ఇలా సంకల్పమే దెబ్బతిన్నప్పుడు దైవకృప లేకుండా మనిషి మంచివైపు మళ్లలేడని ఆయన సిద్ధాంతం. పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చే ఆచారాన్ని జన్మపాపానికి సాక్ష్యంగా చూపాడు.

పరిణామం: 415లో పాలస్తీనాలోని డయోస్పోలిస్ సభ పెలాగియస్‌ను నిర్దోషిగా తేల్చింది. 418లో కార్తేజ్ సభ ఆయన బోధలను ఖండించింది. 431లో ఎఫెసస్ సభ కూడా ఆ పక్షాన్ని తిరస్కరించింది.

ప్రాముఖ్యం: 1524–25లో మానవతావాది ఎరాస్మస్, మత సంస్కర్త లూథర్‌ల మధ్య స్వేచ్ఛాసంకల్పంపై ఇదే చర్చ మళ్లీ రేగింది. మనిషి బాధ్యతను పెలాగియస్, బలహీనతను అగస్టీన్ గట్టిగా పట్టుకున్నారు. మానవ స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి రెండూ అవసరమే.