రక్తపోటు, పక్షవాతం: రూజ్‌వెల్ట్ మరణం నుంచి నేర్చుకోవలసినది

పరిచయం

దేశాధినేతల మరణాలను మనం సాధారణంగా రాజకీయ చరిత్రలో భాగంగానే చదువుతాం. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మరణాన్ని మాత్రం వైద్య చరిత్రలో భాగంగా కూడా చదవాలి. ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. 1921 నుంచి ఆయన కాళ్ళు చచ్చుబడి ఉండటానికి కారణం పోలియో అని ఆనాటి వైద్యులు నిర్ధారించారు. ఆయన ప్రాణం తీసినది వేరొక వ్యాధి, బ్రెయిన్ స్ట్రోక్. మెదడులోని రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా వచ్చే ఈ వ్యాధినే మనం వాడుకలో పక్షవాతం అంటాం.

1. గుర్తించినా ఆపలేని ప్రమాదం

1944 మార్చిలో హృద్రోగ నిపుణుడు హోవార్డ్ బ్రూయెన్ రూజ్‌వెల్ట్‌ను పరీక్షించినప్పుడు రక్తపోటు 186/108 ఉంది. ఉప్పు, సిగరెట్లు తగ్గించమనీ, విశ్రాంతి తీసుకోమనీ ఆయన సూచించాడు. రక్తపోటును సురక్షితంగా తగ్గించే మంచి మందులు అప్పటికి లేవు. పైగా, వయసుతోపాటు రక్తపోటు పెరగడం సహజమనీ, దాన్ని తగ్గిస్తేనే హాని అనీ నమ్మే వైద్యులు చాలామంది ఉండేవారు. అధ్యక్షుడి ఆరోగ్యం బాగుందనే ఆయన వ్యక్తిగత వైద్యుడు ప్రజలకు చెబుతూ వచ్చాడు. ఆ ఏడాది నవంబరులో రూజ్‌వెల్ట్ నాలుగోసారి ఎన్నికయ్యాడు. 1945 ఫిబ్రవరిలో యాల్టా సమావేశానికి వెళ్ళాడు. ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లో తీవ్రమైన తలనొప్పి అంటూ స్పృహ కోల్పోయాడు. అప్పుడు రక్తపోటు 300/190. మెదడులో రక్తస్రావంతో కొద్ది గంటల్లోనే, 63వ ఏట మరణించాడు.

2. ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం

1948లో అమెరికా ప్రభుత్వం జాతీయ హృదయ చట్టం చేసింది. అదే ఏడాది మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 5,209 మంది స్త్రీ పురుషులతో దీర్ఘకాలిక అధ్యయనం మొదలైంది. రూజ్‌వెల్ట్ మరణం ఒక్కటే దీనికి కారణం కాదు. గుండెజబ్బుల మరణాలు అప్పటికే దేశాన్ని కలవరపెడుతున్నాయి. ఆరోగ్యవంతులను రెండేళ్ళకొకసారి పరీక్షిస్తూ, ఎవరికి జబ్బు వస్తుందో, ఎందుకు వస్తుందో చూడటం ఈ అధ్యయనం ప్రత్యేకత. అధిక రక్తపోటు, పొగతాగడం, మధుమేహం వంటివి ముందే గుర్తించగల ప్రమాద కారకాలన్న ఆలోచన ఇక్కడే బలపడింది. మందులతో రక్తపోటును అదుపు చేస్తే పక్షవాతం తగ్గుతుందని 1967లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల పరిశోధన చూపింది.

3. నేటి పరిస్థితి

1971లో ఇంగ్లండులో మొదలైన సీటీ స్కాన్ వల్ల నాళం పూడుకుందా, చిట్లిందా అన్నది వెంటనే తెలుస్తోంది. పూడుకుంటే గడ్డను కరిగించే మందు ఇవ్వవచ్చు. దాన్ని సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అందుకే ఈ లక్షణాలను మీరు గుర్తుంచుకోండి: ముఖం ఒక పక్కకు వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, హఠాత్తుగా చూపు మసకబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, మొదలైన సమయం గుర్తుపెట్టుకుని 108కి ఫోన్ చేయండి. లక్షణాలు కొద్ది నిమిషాల్లో తగ్గిపోయినా ఊరుకోకూడదు. అది రాబోయే పెద్ద పక్షవాతానికి హెచ్చరిక కావచ్చు. నాటు వైద్యం, మర్దనలతో సమయం పోగొట్టుకోవద్దు.

సారాంశం

అధిక రక్తపోటుకు చాలామందిలో ఏ బాధా ఉండదు, కొలిస్తేనే తెలుస్తుంది. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పచ్చళ్ళు, అప్పడాలు, వడియాలలోని ఉప్పును కూడా ఈ లెక్కలో చేర్చుకోవాలి. పొగాకు మానడం, రోజూ నడవడం, డాక్టరు రాసిన మందులు బాగుందనిపించినా సొంతంగా ఆపకపోవడం ముఖ్యం. 1944లో దేశాధ్యక్షుడికి కూడా అందని చికిత్స నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరుకుతోంది. దాన్ని ఉపయోగించుకోవడం మన చేతిలో ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1944లో రూజ్‌వెల్ట్ రక్తపోటును అదుపు చేయలేకపోవడానికి కారణాలేమిటి?
2. ఆరోగ్యవంతులను అధ్యయనం చేయడం వల్ల వైద్యశాస్త్రానికి కలిగిన ప్రయోజనాన్ని వివరించండి.
3. మీ ఇంట్లో 30 ఏళ్ళు దాటినవారు చివరిసారి రక్తపోటు ఎప్పుడు చూపించుకున్నారో తెలుసుకుని రాయండి.