ఫైర్‌బ్లేడ్, ఆర్1: బరువు దగ్గర మొదలైన పోటీ

రెండు సూపర్‌స్పోర్ట్ బైకులను పోల్చమంటే మనవాళ్లు ముందు హార్స్‌పవర్ అడుగుతారు, తర్వాత టాప్ స్పీడ్ అడుగుతారు. హోండా ఫైర్‌బ్లేడ్, యమహా ఆర్1ల విషయంలో ఆ రెండు అంకెలూ తెలుసుకుని ఊరుకుంటే అసలు కథ చేజారిపోతుంది. పాతికేళ్లకు పైగా సాగుతున్న ఈ పోటీ వేగం దగ్గర పుట్టలేదు. బరువు దగ్గర పుట్టింది.

1980ల చివర్లో పెద్ద స్పోర్ట్స్ బైకు అంటే యమహా ఎఫ్‌జెడ్‌ఆర్1000, సుజుకి జీఎస్‌ఎక్స్-ఆర్1100 లాంటివి. పెట్రోలు, ఆయిలు పోయకుండా తూచిన పొడి బరువే 200 కిలోలు దాటేది. తిన్నటి రోడ్డు మీద వాటికి ఎదురులేదు. మలుపు వచ్చిందంటే మాత్రం నడిపేవాడి భుజాలకు పని పడేది. మలుపుల్లో చురుగ్గా ఉండే బండి కావాలంటే 750 సీసీకో 600 సీసీకో దిగాలి, అప్పుడు ఇంజిను బలం వదులుకోవాలి. బలం కావాలా, చురుకుదనం కావాలా తేల్చుకోమని కంపెనీలే కొనేవాడిని అడుగుతున్న రోజులవి.

ఈ ప్రశ్నే తప్పు అన్నవాడు తడావో బాబా. 1962లో హోండాలో చేరి, టెస్ట్ రైడర్లతో పాటు తానూ బండెక్కి మలుపులు తిరుగుతూ, ఎన్నోసార్లు కిందపడి లేచిన ఇంజినీరు. ఆయన బృందం మొదట తలపెట్టింది 750 సీసీ బండి. సిలిండర్ వెడల్పు అలాగే ఉంచి పిస్టన్ కదిలే దూరం పెంచితే, ఇంజిను పరిమాణం పెద్దగా పెరగకుండానే 893 సీసీ వస్తుందని పని మధ్యలో తేలింది. పోటీ కంపెనీల వెయ్యి సీసీ బండ్లతో సరితూగే లాగుడు, 750 అంత ఒళ్లు. 1992లో సీబీఆర్900ఆర్ఆర్ ఫైర్‌బ్లేడ్‌గా బజారుకెక్కిన ఆ బండి పొడి బరువు 185 కిలోలు. హోండా సొంత 600 సీసీ బైకు కూడా దాదాపు అంతే తూగేది.

ఆ బరువు ఒక్క చోట తగ్గించింది కాదు. ఫ్రేము, చక్రాలు, బోల్టులు, పైన తొడిగిన ఫెయిరింగు, అన్నిటిలోనూ గ్రాము గ్రాముగా గీకి తీసిందే. మిగిలిన బరువునంతా బండి నడిబొడ్డుకు దగ్గరగా చేర్చారు. బరువు అంచులకు పోయినకొద్దీ వాలడానికీ లేవడానికీ బండి మొరాయిస్తుంది, మధ్యకు చేరినకొద్దీ చెప్పినట్టు వింటుంది. ముందు చక్రం అందరిలా 17 అంగుళాలది కాకుండా 16 అంగుళాలది పెట్టారు. గాలి దూసుకెళ్లి హ్యాండిల్ తేలిగ్గా తిరగాలని ముందు ఫెయిరింగుకు రంధ్రాలు చేశారు. బాబా పదేపదే చెప్పిన మాట ఒకటే, బండి మీద పూర్తి అదుపు నడిపేవాడిదే కావాలని.

ఇంజిను ఇచ్చింది 120 హార్స్‌పవర్‌కు కాస్త పైన. కాగితం మీద అది ఎఫ్‌జెడ్‌ఆర్ కంటే తక్కువ. రోడ్డు మీద మాత్రం ఎఫ్‌జెడ్‌ఆర్ ఒక్కరోజులో పాతబడిపోయింది. మొదటి ఫైర్‌బ్లేడ్‌లో లోపం లేదని కాదు. గతుకుల మీద గట్టిగా రేసు ఇస్తే హ్యాండిల్ చేతుల్లో వణికేది, ఆ చిన్న ముందు చక్రాన్ని చాలామంది తప్పుపట్టారు కూడా. అయినా మోటార్‌సైకిల్ చరిత్రలో ఒక బండి వచ్చి పాత లెక్కలన్నీ చెరిపేసిన సందర్భాలు కొన్నే ఉన్నాయి. 1992 ఫైర్‌బ్లేడ్ వాటిలో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. ఇవాళ్టి ప్రతి లీటరు (వెయ్యి సీసీ) సూపర్‌స్పోర్ట్ బండీ దాని సంతానమే.

ఆ తర్వాత ఆరేళ్లు హోండా దాన్ని మెరుగుపరుస్తూ వచ్చింది. 1996లో ఇంజిను 918 సీసీకి పెరిగింది, 1998కి బరువు 180 కిలోలకు దిగింది. పెద్ద మార్పులేమీ లేవు. అవసరమూ కనిపించలేదు. యమహా 1996లో తెచ్చిన థండర్‌ఏస్ మంచి బండే, కానీ 200 కిలోలకు దగ్గరగా తూగేది.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. 1997 శరదృతువులో మిలాన్ మోటార్‌సైకిల్ ప్రదర్శనలో యమహా వైజెడ్‌ఎఫ్-ఆర్1 తెర తీసింది. ప్రాజెక్టు నాయకుడు కునిహికో మివా. 998 సీసీ, కంపెనీ లెక్కన 150 హార్స్‌పవర్, పొడి బరువు 177 కిలోలు. అప్పటి ఫైర్‌బ్లేడ్ కంటే మూడు కిలోలు తక్కువ బరువు, దాదాపు ఇరవై హార్స్‌పవర్ ఎక్కువ.

ఈ అంకెల వెనకున్న ఆలోచన ఇంకా గొప్పది. నాలుగు సిలిండర్ల ఇంజినులో క్రాంక్‌షాఫ్టు, దాని వెనక గేర్‌బాక్స్ షాఫ్టులు రెండూ ఒకదాని వెనక ఒకటిగా పరుచుకుని ఉండేవి. అందువల్ల ఇంజిను పొడుగయ్యేది. మివా బృందం ఆ మూడు షాఫ్టులనూ త్రికోణంలా అమర్చి, గేర్‌బాక్స్‌లో ఒక షాఫ్టును పైకి ఎత్తింది. ఇంజిను పొట్టిదయింది. అలా మిగిలిన జాగాలో వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌ను పొడుగు చేశారు. రెండు చక్రాల మధ్య దూరం 1395 మిల్లీమీటర్లే ఉంది కాబట్టి బండి చటుక్కున తిరుగుతుంది. స్వింగ్ ఆర్మ్ పొడుగైంది కాబట్టి మలుపు నుంచి బయటికొస్తూ రేసు ఇచ్చినప్పుడు వెనక టైరు పట్టు విడవదు. అంతకుముందు ఈ రెండు గుణాలూ ఒకే బండిలో ఇమిడేవి కావు. పైగా ఇంజినునే ఫ్రేములో భాగం చేసి దానిమీదా భారం వేశారు. బాబా బరువు కోసం ప్రతి భాగాన్నీ గీకితే, మివా భాగాల అమరికనే మార్చేశాడు. ఆర్1 ఫైర్‌బ్లేడ్‌కు నకలు కాదని చెప్పడానికి ఈ ఒక్క తేడా చాలు. నేటికీ లీటరు బైకుల ఇంజిన్లలో ఎక్కువ భాగం గేర్‌బాక్స్‌ను అలా పైకెత్తే కడతారు.

తొలి ఆర్1లో ట్రాక్షన్ కంట్రోల్ లేదు, ఏబీఎస్ లేదు. కుడిచేయి కాస్త దురుసుగా తిరిగితే ముందు చక్రం గాల్లోకి లేచేది. నడిపేవాడికి ధీమా ఇచ్చే విషయంలో ఫైర్‌బ్లేడ్‌దే పైచేయి, ఒళ్లు జలదరింపజేయడంలో ఆర్1ది. 1999లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే టీటీ రోడ్డు రేసుల్లో డేవిడ్ జెఫరీస్ ఆర్1 మీద ఒకే వారంలో మూడు రేసులు గెలిచాడు. అందులో ఒకటి టీటీ ఫార్ములా వన్ రేసు. 1980ల మొదట్నుంచీ హోండా ఎవరికీ వదలని రేసు అది.

హోండా జవాబు 2000లో వచ్చింది. 929 సీసీ, ఫ్యూయల్ ఇంజెక్షన్, 17 అంగుళాల ముందు చక్రం, 170 కిలోలు. 2002లో 954 సీసీ, 168 కిలోలు. బాబా చేతిమీదుగా వచ్చిన చివరి ఫైర్‌బ్లేడ్ అదే. దాన్ని వెయ్యి సీసీ వరకు పెంచడానికి ఆయన తొందరపడలేదు. అంకెల పోటీలో ఆ బండి ఓడింది నిజమే, 2001లో వచ్చిన సుజుకి జీఎస్‌ఎక్స్-ఆర్1000 ఫైర్‌బ్లేడ్‌నూ ఆర్1నూ దాటేసింది. అయినా ఫైర్‌బ్లేడ్ వంశంలో నాకు అన్నిటికంటే నచ్చేది 954నే. మొదట అనుకున్న సూత్రాన్ని చివరిదాకా పట్టుకున్న బండి అది.

అప్పటిదాకా ఈ రెండు బండ్లకూ ప్రపంచ సూపర్‌బైక్ పోటీల్లో చోటే లేదు. నాలుగు సిలిండర్ల బండ్లకు 750 సీసీ పరిమితి ఉండేది. అందుకే ఆ పోటీలకు హోండా ఆర్‌సీ45నీ, తర్వాత రెండు సిలిండర్ల వీటీఆర్‌నీ దించింది, యమహా ఆర్7ను చేసింది. ఫైర్‌బ్లేడ్, ఆర్1 అచ్చంగా రోడ్డు కోసం పుట్టిన బండ్లు. 2003లో నాలుగు సిలిండర్ల వెయ్యి సీసీ బండ్లకు తలుపు తెరవగానే వాటి స్వభావమే మారిపోయింది. 2004 ఫైర్‌బ్లేడ్ 998 సీసీతో, మోటోజీపీ రేసు బండి ఆర్‌సీ211వీ సస్పెన్షన్ పద్ధతితో వచ్చింది. హ్యాండిల్ వణకకుండా వేగాన్ని బట్టి బిగుసుకునే ఎలక్ట్రానిక్ స్టీరింగ్ డ్యాంపర్ పెట్టారు. 1992లో విన్న ఫిర్యాదుకు పన్నెండేళ్ల తర్వాత దొరికిన మందు. అయితే బరువు 179 కిలోలకు పెరిగింది. అదే ఏడాది ఆర్1 172 కిలోల బరువుకు 172 హార్స్‌పవర్ చూపించింది, కిలోకు ఒక గుర్రం.

ట్రాకు మీద ఈ రెండూ నేరుగా ఢీకొన్న ఏడాది 2007. ఫైర్‌బ్లేడ్ మీద జేమ్స్ టోస్‌లాండ్, ఆర్1 మీద నోరియుకి హాగా ప్రపంచ సూపర్‌బైక్ టైటిల్ కోసం చివరి రేసు దాకా పోరాడారు. టోస్‌లాండ్‌కు 415 పాయింట్లు, హాగాకు 413. అదే ఏడాది జాన్ మెక్‌గిన్నెస్ ఫైర్‌బ్లేడ్ మీద ఐల్ ఆఫ్ మ్యాన్ ట్రాకులో ల్యాప్ సగటును గంటకు 130 మైళ్లు దాటించాడు, అంతకుముందు ఎవరూ చేయని పని. హోండాకు అంతకంటే మంచి ఏడాది మళ్లీ రాలేదు. సూపర్‌బైక్ ప్రపంచ టైటిల్ ఫైర్‌బ్లేడ్‌కు దక్కింది ఆ ఒక్కసారే.

యమహా దగ్గర అప్పటికే మరో ఆయుధం తయారవుతోంది. 2004లో మోటోజీపీ రేసర్ వాలెంటినో రోసీ హోండాను వదిలి యమహాకు వచ్చినప్పుడు, ఇంజినీరు మసావో ఫురుసావా నాయకత్వంలో అతని రేసు బండికి కొత్తరకం ఇంజిను సిద్ధమైంది. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజినులో పిస్టన్లు రెండు పైకి వెళితే రెండు కిందికి వస్తాయి, నాలుగూ ఒకే క్షణంలో ఆగి ఒకే క్షణంలో మళ్లీ కదులుతాయి. ఆ ఆగడం, కదలడం వల్ల క్రాంకులో పుట్టే ఊపు, పెట్రోలు మండి పుట్టే బలంతో కలగాపులగమై వెనక టైరుకు చేరుతుంది. తాను ఇచ్చిన రేసుకు టైరు దగ్గర ఏం జరుగుతోందో నడిపేవాడికి సరిగ్గా తెలియదు. క్రాంకు పిన్నులను 90 డిగ్రీల తేడాతో శిలువలా అమరిస్తే నాలుగూ ఒకేసారి ఆగవు. ఒకే రోట్లో ఇద్దరు మార్చి మార్చి రోకలి పోట్లు వేస్తున్నట్టు, ఒకటి ఆగే వేళకు ఇంకొకటి కదులుతూ ఉంటుంది. ఆ అక్కర్లేని ఊపు చాలావరకు చెల్లిపోయి, మంట బలం ఒక్కటే శుభ్రంగా చేతికి తెలుస్తుంది. ఇదే క్రాస్‌ప్లేన్ క్రాంకు.

2009లో యమహా దీన్ని రోడ్డు బండి ఆర్1లో పెట్టింది. మంటలు సమాన దూరంలో రావు కాబట్టి వరస నాలుగు సిలిండర్ల సన్నటి కేక పోయి, గంభీరమైన గుర్రుమనే శబ్దం వచ్చింది. తొలి ఏడాదే బెన్ స్పీస్ ఆ బండి మీద ప్రపంచ సూపర్‌బైక్ టైటిల్ గెలిచాడు. బండి కాస్త బరువెక్కింది, అంకెల్లో పోటీదారులను చిత్తు చేసిందీ లేదు. అయినా నడిపేవాడి చేతికీ టైరుకూ మధ్యనున్న అడ్డు తీసేసిన బండి అది. పూర్తి అదుపు నడిపేవాడిదే కావాలన్న బాబా కలను నిజం చేసే దారిలో ఆ ఏడాది హోండా కంటే యమహాయే ఎక్కువ దూరం వెళ్లిందని నా అభిప్రాయం.

తర్వాతి పదేళ్లు సెన్సర్ల కాలం. 2015 ఆర్1లో బండి ఎటు వాలింది, ఎంత లేచింది, ఎంత జారిందన్నది లెక్కగట్టే యంత్రం చేరింది, బలం 200 హార్స్‌పవర్‌కు చేరింది. ఆ బండితో యమహా 2015 నుంచి 2018 దాకా వరసగా నాలుగేళ్లు సుజుకా ఎనిమిది గంటల రేసు గెలిచింది. సుజుకా ట్రాకు హోండా కట్టించినది. సొంత గడప మీద అన్నిసార్లు ఓడటం ఆ కంపెనీ మరచిపోలేదు. 2020లో సీబీఆర్1000ఆర్ఆర్-ఆర్ వచ్చింది. సిలిండర్ కొలతలు మోటోజీపీ బండివే, 81, 48.5 మిల్లీమీటర్లు, బలం 214 హార్స్‌పవర్‌కు పైన. 2022 నుంచి సుజుకా మళ్లీ హోండాదయింది. ప్రపంచ సూపర్‌బైక్‌లో మాత్రం 2021 టైటిల్ టోప్రాక్ రజ్‌గత్లియోగ్లు చేతుల మీదుగా ఆర్1కే దక్కింది.

ఈ బండ్లు మన దేశంలో చాలామందికి పోస్టర్ల మీదే తెలుసు. ఆర్1 ఇక్కడ అధికారికంగా అమ్మకానికి వచ్చింది 2007 చివర్లో. పది లక్షలు దాటిన ఆ ధర అప్పట్లో చాలా ఊళ్లలో ఇంటి ధర. కానీ 2008లో యమహా సూరజ్‌పూర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 150 సీసీ ఆర్15, ఆర్1 ముఖాన్నీ, డెల్టాబాక్స్ ఫ్రేము పేరునూ మన వీధుల్లోకి తెచ్చింది. విజయవాడ నుంచి వరంగల్ దాకా ఇంజినీరింగ్ కాలేజీల పార్కింగులో నీలిరంగు ఆర్15 లేని చోటు వెతకాలి. మివా బృందం తొలి ఆర్1కు గీసిన ఆ కోపపు కళ్ల రూపం మన కుర్రాళ్ల చేతికి వచ్చింది ఆ దారినే. హోండా సీబీఆర్ పేరుతో 2011లో 250 సీసీ బండి తెచ్చింది గానీ, ఆ మోజు ముందు అది నిలవలేదు.

ఇక తీర్పు. చరిత్రలో పెద్దపీట 1992 ఫైర్‌బ్లేడ్‌దే, ఎందుకంటే అది రాకపోతే ఆర్1 ఊహే లేదు. ఇంజినీరింగ్ తెగువలో మాత్రం యమహాది పైచేయి, తొలి ఆర్1తో ఒకసారి, 2009లో మరోసారి. అంకెలు చూసి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకునేవాళ్లకు నేను చెప్పేది, 2000 తర్వాత ఏ ఏడాది బండి తీసుకున్నా రోడ్డు మీద ఆ అంకెల తేడా మీ చేతికి తెలియదు, బండి స్వభావం తెలుస్తుంది. కొత్తది కొనే అవకాశం కూడా తగ్గిపోతోంది. యూరో 5 ప్లస్ కాలుష్య నిబంధనలకు తగ్గట్టు ఫైర్‌బ్లేడ్‌ను హోండా మార్చుకుంది. యమహా మార్చలేదు, 2025 నుంచి యూరప్‌లో ఆర్1ను ట్రాకు మీద నడపడానికే అమ్ముతోంది.