1914 సైకిల్ రేసుల సీజన్

ఐరోపాలో 1914 రోడ్డు రేసుల సీజన్ మామూలుగానే మొదలైంది. మార్చిలో బెల్జియంలో ఫ్లాండర్స్ రేసును మార్సెల్ బైస్, ఏప్రిల్‌లో పారిస్-రూబే రేసును షార్ల్ క్రుపెలాండ్ గెలిచారు.

మే నెలలో మొదలైన ఇటలీ రేసు ‘జీరో డిటాలియా’ మాత్రం అసలు రేసా, శిక్షా అనిపిస్తుంది. 81 మంది బయల్దేరితే చివరిదాకా నిలిచినవాళ్లు 8 మందే. లూకా నుంచి రోమ్ దాకా ఒక్క స్టేజే 430 కిలోమీటర్లు. తిరుపతి నుంచి మద్రాసుకు పోయి తిరిగొచ్చినా 300 దాటదు. నెగ్గిన అల్ఫాన్సో కల్జొలారికీ రెండోవాడికీ మధ్య తేడా దాదాపు రెండు గంటలు.

టూర్ ద ఫ్రాన్స్ జూన్ 28న తెల్లవారుజామున 3 గంటలకు పారిస్‌లో మొదలైంది. 145 మంది 388 కిలోమీటర్ల దూరంలోని లె హావ్ర్ వైపు తొక్కుతుండగానే, ఆ పొద్దున సారయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాన్జ్ ఫెర్డినాండ్ హత్య జరిగింది. రేసు ఆగలేదు. ఆగాలని ఎవరికీ తోచలేదు కూడా. జులైలో ఫ్రెంచి పత్రికలు ఆ హత్యతో రేగిన సెర్బియా గొడవ కన్నా, ఫిగారో సంపాదకుణ్ణి కాల్చి చంపిన మాజీ ప్రధాని భార్య మదాం కయో విచారణకే ఎక్కువ చోటిచ్చాయి.

రేసు ఏ ఊళ్ల మీదుగా పోయిందో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. జులై 12న రేసు చేరిన మార్సెయ్ రేవులోనే సెప్టెంబరు చివర్లో భారత సైనికులు దిగారు. జులై 22న రేసు జర్మనీ సరిహద్దుకు దగ్గర్లోని లాంగ్వీ చేరింది. మర్నాడు విశ్రాంతి; అదే రోజు సెర్బియాకు ఆస్ట్రియా తుది హెచ్చరిక పంపింది. నెల తిరిగేసరికి లాంగ్వీ కోట జర్మన్ల వశమైంది.

అక్కడి నుంచి డంకర్క్‌కు 390 కిలోమీటర్ల స్టేజిలో బెల్జియం రైడరు ఫిలిప్ తీస్ చక్రం దెబ్బతింది. సైకిలు పాడైతే ఎవరి మరమ్మతు వాళ్లే చేసుకోవాలన్నది నాటి కఠిన నిబంధన. అతను చక్రమే మార్చేశాడు. నిర్వాహకులు 30 నిమిషాలు కోత వేశారు. 31 నిమిషాల 50 సెకన్ల ఆధిక్యం ఒక నిమిషం 50 సెకన్లకు పడిపోయింది. జులై 26న పారిస్‌లో ఆ కాస్త తేడాతోనే ఆన్రీ పెలిసియేను దాటి గెలిచాడు. బ్రిటిష్ సామ్రాజ్యం నుంచి వచ్చిన ఆస్ట్రేలియన్లు ఇద్దరు చివరిదాకా తొక్కారు: డాన్ కర్కమ్‌ది 17వ స్థానం, స్నోయీ మన్రోది 20వది.

ఆగస్టు 3న జర్మనీ ఫ్రాన్స్‌పై యుద్ధం ప్రకటించింది. యుద్ధం మన ముంగిటికీ వచ్చింది: సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను పేల్చింది. ఇటలీ ఇంకా తటస్థంగానే ఉంది కాబట్టి అక్టోబరులో లొంబార్దీ రేసు జరిగింది. లౌరో బోర్దిన్ నెగ్గాడు.

మునుపటి టూర్ విజేతలు ముగ్గురు యుద్ధకాలంలో పోయారు. 1909 విజేత, లక్సెంబర్గ్ పౌరుడైన ఫ్రాంస్వా ఫాబెర్ విదేశీ దళంలో చేరి 1915 మేలో ఆర్ట్వా యుద్ధంలో హతుడయ్యాడు. 1910లో గెలిచిన ఆక్టావ్ లాపీజ్ యుద్ధ విమానం నడుపుతూ 1917 జులై 14న కూలిపోయాడు. 1907, 1908లలో నెగ్గిన లూసియన్ పెతి-బ్రెటన్ అదే ఏడాది డిసెంబరులో కారు ప్రమాదంలో మరణించాడు.

సారయెవో హత్యకు సరిగ్గా ఐదేళ్లకు, 1919 జూన్ 28న వెర్సాయ్ సంధి కుదిరింది. మర్నాడే టూర్ మళ్లీ బయల్దేరింది. 67 మంది మొదలుపెడితే లెక్కలో మిగిలింది 10 మంది. ఫ్రాన్స్‌కు తిరిగొచ్చిన స్ట్రాస్‌బర్గ్, మెట్జ్ నగరాలు ఆ ఏడు దారిలో చేరాయి. గెలిచింది బెల్జియం రైడరు ఫర్మాన్ లాంబో. తీస్ 1920లో మూడోసారి నెగ్గి, అంతవరకు ఎవరూ సాధించని రికార్డు పెట్టాడు.