గుత్తి కొండ, నీళ్ల లెక్క

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగారు. గురువుల గురించి, పరీక్షల గురించి, వార్షికోత్సవ నాటకాల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మన బడిలో కొన్నేళ్లు నడిచి ఆగిపోయిన కొండ నడకల గురించి రాస్తాను. అవి ఎందుకు ఆగిపోయాయో ఈనాటి పిల్లలకు తెలియదు. నాతో చదివినవాళ్లకు కూడా పూర్తిగా తెలియదు.

ఆ గుంపుకు రిజిస్టరు లేదు, బోర్డు లేదు. మా సోషల్ సారు, ఎనిమిది నుంచి పది దాకా చదివే ఇరవై మంది పిల్లలం, అప్పుడప్పుడూ బతిమాలి వెంటబడే ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలు, అంతే. ఏడాదికి రెండు మూడు నడకలు, అవీ చలికాలంలోనే. ఒకసారి పెనుకొండ, ఒకసారి రాయదుర్గం, ఎక్కువసార్లు గుత్తి. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు ఎందుకు వచ్చారో పుస్తకంలో చదివితే మార్కులు వస్తాయి, కొండెక్కి చూస్తే కారణం తెలుస్తుంది అనేవారు సారు.

గుత్తి నడక శనివారం ఒంటిపూట బడి వదలగానే మొదలయ్యేది. అనంతపురం నుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు ఆర్టీసీ బస్సులో ప్రయాణం. పామిడి దగ్గర పెన్న దాటేటప్పుడు అందరం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్లం. చాలాసార్లు ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా మనది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటే మిగిలినదే మనకు. "ఈ సీమ చరిత్ర రాజుల చరిత్ర కాదురా, నీళ్ల చరిత్ర" అని సారు ఆ వంతెన మీదే చెప్పేవారు.

రాత్రి గుత్తిలో ఒక బడి వరండాలో పడుకునేవాళ్లం. ఇంటినుంచి తెచ్చిన చిత్రాన్నం, బొరుగులు, ఉడకబెట్టిన శెనక్కాయలు అందరం పంచుకునేవాళ్లం. అక్కడే సారు జర్మనీ మాస్టరు కథ చెప్పేవారు. రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు 1909 ఆగస్టులో పిల్లలను వెంటబెట్టుకుని కాలినడకన వెళ్తుంటే పెద్ద గాలివాన వచ్చింది. ఒక పల్లె బడిలో గడ్డి పరుచుకుని ఆ రాత్రి గడిపారు. సెలవుల్లో బడులన్నీ ఖాళీగానే ఉంటాయి కదా, నడిచే పిల్లలకు అవే బసలు ఎందుకు కాకూడదు అని ఆ రాత్రి ఆయనకు తోచింది. 1912లో ఆల్టెనా కోటలో తొలి శాశ్వత యూత్ హాస్టల్ వెలిసింది. మన దేశంలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ 1949లో ఏర్పడింది. వరండాలో దుప్పట్లు కప్పుకుని వింటున్న మాకు, మేమూ ఆ జర్మనీ పిల్లలమే అనిపించేది.

ఆల్ప్స్ పర్వతాల్లో స్విస్ ఆల్పైన్ క్లబ్బువాళ్లు 1863లో క్లబ్బు పెట్టిన ఏడాదే టోడి శిఖరం దారిలో ఒక చిన్న గుడిసె కట్టారు. అక్కడ మంచు నుంచి కాపాడుకోవడానికి పైకప్పు కావాలి. మన కొండల మీద ఎండ నుంచి కాపాడుకోవాలి, గొంతు తడుపుకోవాలి. అందుకే మన పెద్దలు దారుల్లో సత్రం కట్టినా పక్కనే బావి తవ్వారు. దత్త మండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే తెచ్చి పూడ్చింది గుత్తి కోట కిందే. 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు. ఆయన పేరిట గుత్తిలో కట్టింది సత్రమే.

ఆదివారం తెల్లవారుజామున చీకట్లోనే నడక మొదలు. గుత్తి కొండ చుట్టూ ఉన్న నేల కంటే దాదాపు మూడు వందల మీటర్ల ఎత్తు. ప్రాకారాలు, ద్వారాలు ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ పోవాలి. పైన బండల మీద పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలపు శాసనాలున్నాయి. అంటే తొమ్మిది వందల ఏళ్ల నాటి అక్షరాలు. కొట్లు, మందుగుండు గది, గరిడీశాల అని చెప్పుకునే కట్టడాలు, బురుజు మీద మురారిరావు గద్దె అనే చిన్న మంటపం కూడా ఉన్నాయి. ఆ మంటపమే మా కొండ గుడిసె. అక్కడ కూర్చుని పప్పుల పొడి, రొట్టె తిని, తొమ్మిదిలోపు దిగడం మొదలుపెట్టాలన్నది సారు నియమం. పది దాటితే బండ కాలుతుంది.

రెండో నియమం నీళ్లది. తలకు రెండు చెంబులు, ఎక్కేటప్పటికి ఒకటి, దిగేటప్పటికి ఒకటి. అవి కాక అందరికీ కలిపి కావడికి కట్టిన రెండు క్యాన్లు. పైన బావులున్నా వాటిని నమ్మకూడదు.

ఆ నియమం ఎందుకో మంటపంలో చెప్పేవారు. మురారిరావు ఘోర్పడే మరాఠా నాయకుడు. 1751లో ఆర్కాటులో చిక్కుకున్న క్లైవుకు సాయంగా కదిలింది ఆయన దళమే. 1776లో హైదరాలీ గుత్తిని ముట్టడించాడు. కింది ఊరు పడిపోగానే జనం, గొడ్డూగోదా పైకోటకు చేరారు. తాగేవాళ్లు పెరిగారు, నీళ్లు తరిగాయి. విల్క్స్ రాసిన మైసూరు చరిత్ర ప్రకారం, డబ్బిచ్చి సంధి చేసుకుందామని బేరం కుదిరే దశలో, కోటలో నీళ్లు మూడు రోజులకే ఉన్నాయన్న సంగతి మరాఠాల వైపునుంచే హైదరు శిబిరంలో బయటపడింది. హైదరు బేరం వదిలేసి ముట్టడి సాగించాడు. మురారిరావు లొంగిపోయి, కబ్బాలదుర్గం చెరలో చనిపోయాడు. ఫిరంగులు పడగొట్టలేని కోటను దాహం పడగొట్టింది.

నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు జరిగిన నడకలో కావడి నాకూ, నా పక్కబెంచీ మిత్రుడికీ వచ్చింది. మొదటి ద్వారం దాటేసరికే భుజాలు ఒరుసుకుపోయాయి. పైన బావి ఉంది కదా అనుకుని, ఎవరూ చూడకుండా రెండు క్యాన్లలోనూ సగం సగం పారబోశాం. పైకి వెళ్లి చూస్తే బావిలో పచ్చటి పాచి. శాసనాల దగ్గర ఆలస్యమై ఆ రోజు దిగడం మొదలుపెట్టేసరికి పది కావొచ్చింది. సగం దారిలో ఆరో తరగతి పిల్లవాడొకడు తూలి పడిపోయాడు. సారు క్యాను వంచితే నాలుగు చుక్కలు రాలాయి. ఆయన నా మొహం కేసి ఒకసారి చూసి, తన చెంబులో మిగిలిన నీళ్లు వాడి తలకు రాసి, వీపున వేసుకుని దిగారు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తే సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. వాడు బాగానే ఉన్నాడు. ఈ సంచిక వాడి చేతికీ అందుతుంది.

మర్నాడు బడికి తల్లిదండ్రులు వచ్చారు. నీళ్లు ఎందుకు చాలలేదని అడిగారు. "నీళ్ల లెక్క నాది. తప్పూ నాదే" అన్నారు సారు. మా ఇద్దరి పేర్లు చెప్పలేదు, మమ్మల్ని అడగనూ లేదు. నడకలు ఆగిపోయాయి. ఆయన రిటైరయ్యేదాకా మళ్లీ ఏ కొండకూ పిల్లలను తీసుకెళ్లలేదు. వెళ్లి నిజం చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఉద్యోగం, పెళ్లి, బదిలీలు అంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఆయన పోయారని తెలిసినప్పుడు ఇంక చెప్పడానికి ఎవరూ లేరు. అందుకే ఇక్కడ చెబుతున్నాను. ఆ రోజు తప్పు మాది, సారుది కాదు.

మిత్రులారా, ఈ స్వర్ణోత్సవ ఏడాదిలో ఆ నడకను మళ్లీ మొదలుపెడదామని సంఘం ముందు నా మనవి. డిసెంబరు, జనవరి నెలల్లో ఒక ఆదివారం చాలు. గుత్తి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కనుక పైన రాత్రి బస కుదరదు. ఊళ్లోనే ఏదైనా బడి వరండా అడుగుదాం. ఇరవై మందికి మించకూడదు. అప్పట్లో మగపిల్లలమే వెళ్లాం, ఇప్పుడు ఆడపిల్లలూ రావాలి, వాళ్లతో టీచరమ్మలూ రావాలి. ముందొక పెద్ద, వెనకొక పెద్ద. తల్లిదండ్రుల సంతకాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఆస్పత్రి ఫోను నంబరు బయల్దేరే ముందే సిద్ధంగా ఉండాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. మొదటి ద్వారం దగ్గర ఒకసారి, మంటపం దగ్గర ఒకసారి సీసాలు లెక్కపెట్టాలి.

ఆ లెక్క చూసే పని నాకు ఇవ్వండి. కొండ మొత్తం ఎక్కలేకపోయినా, మొదటి ద్వారం దాకా రాగలను.