ప్రయాణంలో ఉన్నా ఇంటి హామ్ రేడియో: నడపడం ఎలా, ఆపడం ఎలా?

హామ్ రేడియో ఉన్నవారికి ప్రయాణం అంటే ఓ చిన్న బెంగ. సెట్టు, యాంటెనా ఇంటి దగ్గరే ఉండిపోతాయి. హోటల్ గదిలో తీగ కట్టడానికి చోటుండదు. కట్టినా లిఫ్టుల రొద, ఎల్ఈడీ బల్బుల గరగర తప్ప పెద్దగా ఏమీ వినపడదు. సెట్టును సూట్‌కేసులో పెట్టుకుని వేరే దేశం వెళ్తే కస్టమ్స్ దగ్గర జవాబు చెప్పుకోవాలి. అందుకే చాలా దేశాల్లో హామ్‌లు సెట్టును ఇంట్లోనే ఉంచి, ఒక్క ల్యాప్‌టాప్ తీసుకుని బయల్దేరుతున్నారు. ఇంటర్నెట్ ద్వారా ఇంటి స్టేషన్‌ను నడుపుతున్నారు. దీన్నే రిమోట్ ఆపరేషన్ అంటారు.

తెలియనివారికి ఓ మాట. హామ్ రేడియో అంటే పరీక్ష రాసి, ప్రభుత్వ లైసెన్స్ తీసుకుని, వ్యాపారం కోసం కాకుండా నడుపుకునే సొంత రేడియో స్టేషన్. మన దేశంలో లైసెన్స్ ఇచ్చేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు పనిచేయని సమయంలో అక్కడి కబురు బయటకు చేరవేసింది.

రిమోట్‌కు కావాల్సినవి మూడే: సెట్టును తిప్పే ఆజ్ఞలు వెళ్లాలి, శబ్దం అటూ ఇటూ రావాలి, మధ్యలో నమ్మకమైన ఇంటర్నెట్ దారి ఉండాలి. ఐకామ్ ఐసీ-7300 లాంటి సెట్లలో ఆజ్ఞలు, శబ్దం రెండూ ఒకే యూఎస్‌బీ తీగ మీద ఇంటి కంప్యూటర్‌కు వస్తాయి. కొన్ని సెట్లకు నెట్‌వర్క్ తీగ నేరుగా తగిలించవచ్చు. మామూలు మాటలకు పావు సెకను ఆలస్యం పెద్ద ఇబ్బంది కాదు. మోర్స్ కొట్టేవారికి మాత్రం కష్టం. తాము కొట్టిన చుక్క, గీత ఆలస్యంగా చెవిన పడితే చెయ్యి తడబడుతుంది. ఆ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోనే పుట్టించాలి, లేదా కీబోర్డ్‌తో పంపాలి.

అన్నిటికన్నా సులువైంది ఎఫ్‌టీ8. 2017లో వచ్చిన ఈ పద్ధతిలో 15 సెకన్ల వంతులుగా చిన్న సందేశాలు వెళ్తాయి. ప్రోగ్రామ్ ఇంటి కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ప్రయాణంలో ఉన్నవారికి దాని తెర కనిపిస్తే చాలు. శబ్దం పంపే పనే ఉండదు కాబట్టి హోటల్ వైఫై నెమ్మదిగా ఉన్నా నడిచిపోతుంది. అయితే ఇంటి కంప్యూటర్ గడియారం సరిగ్గా ఉండాలి, ఒక సెకను తేడా దాటకూడదు.

ఇంటర్నెట్ దారిలో ఓ చిక్కుంది. చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు పంచుతాయి, బయటినుంచి నేరుగా ఇంటి రౌటర్‌ను అందుకోలేం. టెయిల్‌స్కేల్, జీరోటైర్ లాంటివి దీన్ని దాటిస్తాయి. రౌటర్‌లో పోర్టు తెరిచి వదిలేయడం కన్నా ఇదే మేలు. తెరిచిన పోర్టుకు దొంగలు రావడానికి ఆట్టే సమయం పట్టదు. గల్ఫ్ వెళ్లేవారు మాత్రం అక్కడి వీపీఎన్ నిబంధనలు ముందే తెలుసుకోవాలి. యూఏఈలో వీపీఎన్‌ను నేరానికి వాడితే భారీ జరిమానా ఉంది.

స్టేషన్‌ను పలికించడం ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. అసలు పరీక్ష దాని నోరు మూయించడం. మాట్లాడుతుండగా ఇంటర్నెట్ తెగిపోయిందనుకోండి, సెట్టు ట్రాన్స్‌మిట్‌లోనే ఉండిపోవచ్చు. 100 వాట్ల సెట్టు గంటల తరబడి అలా ఉంటే కాలిపోవచ్చు, ఆ ఫ్రీక్వెన్సీలో ఇంకెవరూ మాట్లాడలేరు. అమెరికా నిబంధనల్లో దీనికి స్పష్టమైన షరతు ఉంది: కంట్రోల్ లింక్ చెడితే ట్రాన్స్‌మిషన్ 3 నిమిషాలు మించకూడదు. ఎక్కడున్నా ఇది పాటించదగ్గ కొలత. సెట్టులో టైమ్-అవుట్ టైమర్ ఉంటే ఆన్ చేసి 3 నిమిషాలకు పెట్టాలి. ఫోన్‌తో ఆపే స్మార్ట్ ప్లగ్ ఒక్కటే నమ్ముకోవద్దు. ఇంటర్నెట్ పోతే దానితో పాటే ప్లగ్గు కూడా అందకుండా పోతుంది.

ఇంట్లోవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. వేల కిలోమీటర్ల అవతల బటన్ నొక్కే మనిషికి మేడ మీద ఎవరున్నారో కనిపించదు. తీగ యాంటెనా కొసల్లో ట్రాన్స్‌మిట్ సమయంలో ఎక్కువ వోల్టేజ్ ఉంటుంది, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. బట్టలు ఆరేసే అమ్మీకి, గాలిపటం కోసం పైకెక్కే పిల్లలకు ఆ విషయం ఎలా తెలుస్తుంది? తీగ చేతికందని ఎత్తులో ఉండాలి. నడిపే వేళలు ఇంట్లో ముందే చెప్పాలి, మొదలుపెట్టే ముందు ఓ ఫోన్ చేయాలి. సెట్టుకు కరెంటిచ్చే స్విచ్ ఏదో ఇంట్లో ఇద్దరికైనా చూపించి, ఎర్ర టేపు అంటించి వెళ్లాలి.

వానాకాలం ఉరుములు మొదలైతే యాంటెనా తీగను సెట్టు నుంచి విప్పేయడమే క్షేమం. విప్పేవాళ్లు లేకపోతే ఆ సీజన్‌లో రిమోట్ మానుకోవడం మంచిది. అయితే విప్పేసిన సంగతి ప్రయాణంలో ఉన్నవారికి తప్పకుండా చెప్పాలి. యాంటెనా లేకుండా ట్రాన్స్‌మిట్ చేస్తే సెట్టుకే ముప్పు. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ తానే ఆన్ అయ్యేలా బయోస్‌లో ఓ సెట్టింగ్ ఉంటుంది, చాలామంది మర్చిపోయేది అదే.

ఇక కాల్‌సైన్. ఉమ్రాకు వెళ్లి జెద్దా హోటల్‌లో కూర్చున్నా, తరంగం బయల్దేరేది హైదరాబాద్ మేడ మీదినుంచే. కాబట్టి వీయూతో మొదలయ్యే సొంత కాల్‌సైనే చెప్పాలి. అవతలివారు సౌదీ దొరికిందని, అంటే హెచ్‌జెడ్ స్టేషన్ దొరికిందని, సంబరపడేలా మాట్లాడటం మోసమే. డీఎక్స్‌సీసీ అవార్డుకు కూడా ట్రాన్స్‌మిటర్ ఎక్కడుందన్నదే లెక్క. మన లైసెన్స్‌లో స్టేషన్ చిరునామా ఉంటుంది. దూరం నుంచి నడపాలనుకునేవారు లైసెన్స్ షరతులు చదివి, డబ్ల్యూపీసీకి రాసి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే మొదలుపెట్టాలి.

విమానం ఎక్కడానికి వారం ముందే పక్క వీధిలో మొబైల్ డేటా మీద ఒకసారి నడిపి చూడాలి. ట్రాన్స్‌మిట్ చేస్తుండగా ఇంట్లోవాళ్లతో రౌటర్ ప్లగ్ పీకించాలి. 3 నిమిషాల్లో సెట్టు దానంతట అదే ఆగకపోతే, ఆ ప్రయాణానికి దాన్ని ఆఫ్ చేసి వెళ్లడమే నయం.