కనిపిస్తున్నారు సరే, కలుపుకున్నామా?

2024 డిసెంబరు చివరి వారంలో 39 మంది ట్రాన్స్‌జెండర్లు హైదరాబాద్ కూడళ్లలో ట్రాఫిక్ అసిస్టెంట్లుగా విధుల్లో చేరారు. అంతకు కొద్ది రోజుల ముందు గోషామహల్ పోలీసు మైదానంలో పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షలు జరిగాయి. 58 మంది హాజరైతే 44 మంది ఎంపికయ్యారు. సిగ్నల్ దగ్గర చేయి చాచేవాళ్లుగానే నగరంలో చాలామంది ఎరిగిన మనుషులు ఇప్పుడు అక్కడే యూనిఫాంలో నిలబడి బండ్లు ఆపుతున్నారు. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఇంతమాత్రాన సమాజం ట్రాన్స్‌జెండర్లను అంగీకరించిందని చెప్పవచ్చా?

తెలుగు రాష్ట్రాలకు సంబంధించిన ఆధారాలతో ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ట్రాన్స్‌జెండర్లు బయట కనిపించడం పెరిగిందనడానికి గట్టి ఆధారాలున్నాయి. అంగీకారం పెరిగిందనడానికి ఉన్న ఆధారాలు పాక్షికం. కనిపించడం అంగీకారంగా మారుతుందా లేదా అన్నది వాళ్లు ఏ హోదాలో కనిపిస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుందని నా వాదన.

లెక్కల్లోకి ఎక్కిన తీరు

2011 జనగణనలో మొదటిసారిగా స్త్రీ, పురుషులతో పాటు ‘ఇతరులు’ అనే వర్గానికి చోటిచ్చారు. దేశం మొత్తంమీద ఆ వర్గంలో 4,87,803 మంది నమోదయ్యారు. 1,37,465 మందితో ఉత్తరప్రదేశ్ మొదటి స్థానంలో ఉంటే, 43,769 మందితో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో నిలిచింది. అక్షరాస్యత దేశ సగటు 74 శాతం కాగా, వీరిలో 56 శాతమే.

ఈ అంకెలను వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. 4,87,803 మందిలో 54,854 మంది ఆరేళ్ల లోపు పిల్లలు. తానెవరో ఆ వయసు బిడ్డ గణకుడికి చెప్పదు. పుట్టుకతోనే శరీర లక్షణాలు భిన్నంగా ఉన్న పిల్లలను తల్లిదండ్రులు ఇందులో రాయించి ఉండవచ్చు, నమోదులో పొరపాట్లూ జరిగి ఉండవచ్చు. మరోవైపు, తనను స్త్రీగానే భావించుకునే ట్రాన్స్ మహిళ ‘స్త్రీ’ అనే రాయించుకుంటుంది. ఇంట్లో నోరు విప్పలేని ట్రాన్స్ యువకుడు తండ్రి చెప్పిన ప్రకారం ఆడపిల్లగా నమోదవుతాడు. కాబట్టి ఈ సంఖ్యను ట్రాన్స్‌జెండర్ల జనాభాకు కనిష్ఠంగా గానీ గరిష్ఠంగా గానీ తీసుకోలేం. అక్షరాస్యతలో కనిపించే పెద్ద తేడా మాత్రం బడి మధ్యలోనే ఆగిపోయిందని ట్రాన్స్‌జెండర్లు చెప్పుకునే అనుభవాలతో సరిపోతోంది.

ఓటర్ల జాబితా మరో కొలమానం. ఎన్నికల సంఘం 2009లో ‘ఇతరులు’గా నమోదయ్యే వీలు కల్పించింది. 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి ఈ వర్గంలో సుమారు 39 వేల మంది ఉంటే, 2024 నాటికి 48,272 మంది అయ్యారు. వీరిలో ఓటు వేసినవారు 2019లో 14.64 శాతం, 2024లో 27.09 శాతం. అయిదేళ్లలో దాదాపు రెట్టింపు. కానీ 2024లో దేశవ్యాప్త పోలింగ్ 66 శాతం దరిదాపుల్లో ఉంది. పైగా జనగణన లెక్కతో పోలిస్తే ఈ జాబితాలో ఉన్నది పదో వంతు మాత్రమే. పుట్టిన ఊరు వదిలి రావడం, కార్డు మీది పేరుకూ ఫొటోకూ ఇప్పటి మనిషికీ పొంతన లేకపోవడం, అద్దె ఇంటి చిరునామాకు రుజువు దొరకకపోవడం ఇందుకు కొన్ని కారణాలు కావచ్చు. స్త్రీలుగానో పురుషులుగానో ఓటరు కార్డు తీసుకున్నవారూ ఉంటారు. పెరుగుదల నిజమే, దూరమూ నిజమే.

అనుమానితుల రిజిస్టరు

ప్రభుత్వాలు ట్రాన్స్‌జెండర్లను నమోదు చేయడం కొత్తేమీ కాదు. కొత్తదల్లా నమోదు వెనకున్న ఉద్దేశం.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టంలో ఒక భాగం హిజ్రాల మీద నిఘాకు ఉద్దేశించినది. అదే ధోరణిలో నిజాం రాజ్యంలో ఫసలీ 1329లో, అంటే 1919లో, ఒక చట్టం వచ్చింది. మగపిల్లలను ఎత్తుకుపోతారనీ, వారి పుంస్త్వాన్ని తీసేస్తారనీ అనుమానం ఉన్నవారి పేర్లతో రిజిస్టరు పెట్టాలని అది ఆదేశించింది. ఆ రిజిస్టరులో పేరున్న వ్యక్తి ఆడవేషంలో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడిపాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల దాకా జైలుశిక్ష వేయవచ్చు. ఆ చట్టం లెక్కన వీధిలో కనిపించడమే నేరం.

రాజ్యం పోయినా, రాజ్యాంగం వచ్చినా, రాష్ట్రాలు మారినా ఆ చట్టం తెలంగాణ ప్రాంతంలో పుస్తకాల్లో మిగిలే ఉంది. వైజయంతి వసంత మొగ్లి, సయంతన్ దత్తా, కె.ఎం.వి. మోనాలిసా దాన్ని 2018లో హైకోర్టులో సవాలు చేశారు. 2023 జూలైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కరరెడ్డిల ధర్మాసనం ఆ చట్టం 14, 21 అధికరణాలకు విరుద్ధమని కొట్టివేసింది. ఆసరా పింఛను పథకాన్ని ట్రాన్స్‌జెండర్లకు కూడా వర్తింపజేయాలని చెప్పింది.

ఈ తీర్పుకు పునాది 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వేసింది. జాతీయ న్యాయ సేవల సంస్థ (నాల్సా) వేసిన కేసులో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీ తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకునే హక్కు వ్యక్తులదేనని తేల్చారు. వీరిని సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన వర్గంగా చూడాలన్నారు. 2019లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. చదువు, ఉద్యోగం, వైద్యం, నివాసాల్లో వివక్షను ఆ చట్టం నిషేధించింది. కానీ ట్రాన్స్‌జెండర్ల మీద లైంగిక దాడికి అది పెట్టిన గరిష్ఠ శిక్ష రెండేళ్లే. అత్యాచారానికి గురైన మహిళ విషయంలో శిక్షాస్మృతి కనీస శిక్షే పదేళ్లుగా చెబుతోంది. ఒకే రకమైన గాయానికి రెండు వెలలు కట్టడం సమానత్వం అనిపించుకోదు.

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు మరో అడుగు. పురుషుణ్ని పెళ్లాడిన ట్రాన్స్ మహిళ కూడా భార్యగా భర్త, అత్తింటివారి వేధింపులపై శిక్షాస్మృతి 498ఎ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చనీ, బిడ్డను కనలేదన్న కారణంతో ఆమె స్త్రీత్వాన్ని కాదనలేమనీ చెప్పింది. ఆ కేసును మాత్రం తగిన ఆధారాలు లేవంటూ కొట్టివేసింది. హక్కుకు గుర్తింపు దొరికినంత మాత్రాన ప్రతి కేసులో ఊరట దొరకదు.

చట్టం మారినా అనుమానం

2018 మేలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక గుంపు కొందరు ట్రాన్స్‌జెండర్ల మీద దాడి చేసింది. ఒకరు చనిపోయారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని అప్పట్లో వాట్సాప్‌లో వదంతులు పాకుతున్నాయి. దాడికి కారణం ఆ అనుమానమే.

1919 చట్టంలో రాసి ఉన్నదీ అదే అనుమానం. ఆ చట్టం వల్లే ఈ దాడి జరిగిందని చెప్పడానికి ఆధారం లేదు. దాడికి దిగినవారిలో దాని పేరు విన్నవారు కూడా ఉండకపోవచ్చు. కానీ ఒక సమూహం గురించిన భయం దాదాపు వందేళ్ల పాటు మాట మారకుండా నిలిచిందని మాత్రం ఈ రెండూ కలిసి చూపిస్తున్నాయి. వీధిలో ఎక్కువగా కనిపించే వ్యక్తే వదంతులు లేచినప్పుడు ముందుగా చేతికి చిక్కుతుంది. కనిపించడం పెరిగితే భద్రత దానంతటదే పెరుగుతుందనే నమ్మకాన్ని ఈ ఘటన ప్రశ్నిస్తోంది.

ఎక్కడ కనిపిస్తున్నారు, ఏ హోదాలో?

సినిమాల్లో, కామెడీ షోలలో చాలాకాలం ట్రాన్స్ మహిళ అంటే నవ్వుకు ముడిసరుకు. ఇటీవలి కాలంలో ఆ చిత్రం కొంత మారింది. తమన్నా సింహాద్రి 2019లో, ప్రియాంక సింగ్ 2021లో బిగ్‌బాస్ తెలుగు ఇంట్లోకి వెళ్లారు. కుటుంబంతో తెగిన బంధం, మార్పు కోసం పడిన బాధ వంటి మాటలు అలా మధ్యతరగతి ఇళ్లలోకి చేరాయి. చంద్రముఖి మువ్వల 2018లో గోషామహల్ నుంచి, తమన్నా సింహాద్రి 2019లో మంగళగిరి నుంచి శాసనసభకు పోటీ చేశారు. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి జీవితకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది.

ఇవన్నీ చూసినవారి మనసు మార్చాయా? దురభిప్రాయాలపై జరిగిన రెండు పరిశోధనలు ఇక్కడ ఉపకరిస్తాయి. గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఒక సంగతి చెప్పాడు. రెండు వర్గాలు ఊరికే ఎదురుపడితే దురభిప్రాయాలు పోవు. ఇద్దరూ సమాన హోదాలో ఉండాలి, ఒకే పని కోసం కలిసి పాటుపడాలి, దానికి సంస్థల అండ ఉండాలి. రెండోది డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అమెరికాలోని మయామీలో చేసి 2016లో ప్రచురించిన ప్రయోగం. వాళ్ల బృందాలు ఇంటింటికీ వెళ్లి పది నిమిషాల పాటు ఓపిగ్గా మాట్లాడాయి. నిన్ను ఎవరైనా ఎప్పుడైనా చిన్నచూపు చూశారా అని అడిగాయి. ఆ సంభాషణ తర్వాత ట్రాన్స్‌జెండర్ల పట్ల వ్యతిరేకత తగ్గింది, ఆ ప్రభావం కనీసం మూడు నెలలు నిలిచింది. మాట్లాడిన వ్యక్తి ట్రాన్స్‌జెండర్ అయినా కాకపోయినా ఫలితం కనిపించింది.

మయామీలో తేలింది మన ఊళ్లలోనూ అంతే బలంగా పనిచేస్తుందని అనుకోలేం. కులం, ఉమ్మడి కుటుంబం, పరువు ఇక్కడి పరిస్థితిని వేరుగా మలుస్తాయి. అయినా ఈ రెండు పరిశోధనల వెలుగులో చూస్తే తెర మీది పాత్ర కంటే చికిత్స చేసే డాక్టరు, పక్క సీట్లో కూర్చునే ప్రయాణికురాలు మనసు మార్చే అవకాశం ఎక్కువని అనుకోవచ్చు. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైన ఉచిత బస్సు ప్రయాణంలో మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్లనూ చేర్చారు. పథకం ఉద్దేశం రవాణాయే అయినా, రోజూ అందరితో సమానంగా ఒకే బస్సులో కలిసి వెళ్లే వీలు దానివల్ల కలిగింది.

ఉద్యోగం, వైద్యం, ఇల్లు

2022 చివర్లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో చేరారు. తెలంగాణ ప్రభుత్వ సర్వీసులో తొలి ట్రాన్స్‌జెండర్ వైద్యులుగా వారి పేర్లు పత్రికలకెక్కాయి. తన గుర్తింపు తెలిస్తే రోగులు తగ్గుతారేమోనని అంతకు ముందు పనిచేసిన ఒక ప్రైవేటు ఆసుపత్రి తనను వెళ్లిపొమ్మందని ప్రాచీ రాథోడ్ బహిరంగంగానే చెప్పారు. ఎంబీబీఎస్ పట్టా ఉన్న మనిషికే ఇలా జరిగితే, పదో తరగతి దాటని మనిషి పరిస్థితి ఏమిటో ఊహించడం కష్టం కాదు.

వైద్యంలో మరో ఉదాహరణ నారాయణగూడలోని మిత్ర్ క్లినిక్. 2021 జనవరిలో ట్రాన్స్‌జెండర్లే నడిపేలా మొదలైన ఈ కేంద్రం అమెరికా సహాయనిధి మీద ఆధారపడింది. 2025 ఆరంభంలో ఆ నిధి ఆగిపోవడంతో సేవలు నిలిచిపోయాయి. మన బడ్జెట్‌లో స్థిరమైన చోటు లేని సేవ ఎంత మంచిదైనా ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేం.

ఆంధ్రప్రదేశ్ 2017లో ప్రత్యేక విధానాన్ని రూపొందించి, 18 ఏళ్లు నిండిన ట్రాన్స్‌జెండర్లకు నెలకు 1,500 రూపాయల పింఛను ప్రకటించింది. 2024లో అది 4,000 రూపాయలకు చేరింది. ఇది అవసరమైన ఆసరాయే. అయితే పనిచేయగల వయసులో ఉన్న మనిషికి కావలసింది పని. కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో అన్ని వర్గాల కోటాల్లోనూ వర్తించేలా ఒక శాతం రిజర్వేషన్ తెచ్చింది. తెలుగు రాష్ట్రాలు గట్టిగా ఆలోచించవలసిన దారి అదే.

ఇక ఇల్లు. జాతీయ మానవ హక్కుల సంఘం కోసం 2017లో జరిగిన అధ్యయనంలో తల్లిదండ్రులతో కలిసి ఉంటున్నవారు రెండు శాతమే అని తేలింది. అది ఢిల్లీ, ఉత్తరప్రదేశ్‌లకు పరిమితమైన అధ్యయనం. దాన్ని తెలుగు జిల్లాలకు యథాతథంగా అన్వయించకూడదు. అయినా ఇల్లు వదలవలసి రావడం, గురువును తల్లిగా భావించి హిజ్రాల సమూహమైన జమాత్‌లో చేరడం మన దగ్గరా తెలిసిన జీవితమే. హైదరాబాద్ హిజ్రాల మధ్య పరిశోధన చేసిన గాయత్రి రెడ్డి 2005లో ప్రచురించిన గ్రంథంలో, వారి జీవితాన్ని నడిపించేది గౌరవం కోసం తపన అని చూపించారు. ట్రాన్స్ పురుషులకైతే జమాత్ లాంటి ఆశ్రయం కూడా తక్కువ. ట్రాఫిక్ ఉద్యోగాలకు ఎంపికైన 44 మందిలో ట్రాన్స్ పురుషులు 15 మంది. బయటి ప్రపంచం తరచు మరిచిపోయే ఈ వర్గం కూడా అవకాశం కోసం ఎదురుచూస్తోందని ఆ అంకె చెబుతోంది.

తేలినదేమిటి?

చట్టం ముందు స్థానం మెరుగుపడిందనీ, పౌరులుగా నమోదు పెరిగిందనీ, ఉద్యోగాల్లో కొద్దిమందైనా కనిపిస్తున్నారనీ ధైర్యంగా చెప్పవచ్చు. కుటుంబాల్లో, అద్దె ఇళ్లలో, ప్రైవేటు కొలువుల్లో అంగీకారం అదే వేగంతో పెరిగిందనే నిర్ధారణకు ఈ ఆధారాలు చాలవు. ప్రభుత్వం తెరిచిన తలుపుల దగ్గర మార్పు స్పష్టంగా ఉంది. మనం తెరవవలసిన తలుపుల దగ్గర అంత స్పష్టత లేదు.

అందుకే కొలమానాలు మార్చుకోవాలి. ఎంతమందికి గుర్తింపు కార్డులిచ్చారన్న లెక్కతో ఆగకూడదు. ఉద్యోగంలో చేరినవారిలో ఏడాది తర్వాత ఎందరు కొనసాగుతున్నారు, దాడులపై ఎన్ని ఫిర్యాదులు కేసులుగా నమోదయ్యాయి, బడిలో చేరిన పిల్లల్లో ఎందరు పది పూర్తిచేశారు, సొంత పేరు మీద ఎందరికి అద్దె ఇల్లు దొరికింది అన్నవి రెండు రాష్ట్రాలూ ఏటా ప్రకటించాలి. లెక్కించే పనిలో ట్రాన్స్‌జెండర్లే భాగస్వాములు కావాలి. ఒకనాడు అనుమానితుల జాబితాలో పేర్లెక్కిన వారి వారసులు మళ్లీ ఏదైనా జాబితాలో పేరు రాయించుకోవాలంటే, అది తమ మేలుకేనన్న నమ్మకం ముందు కలగాలి. ఆ నమ్మకం కలిగించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఇంట్లో పుట్టిన బిడ్డ తాను ఫలానా అని చెప్పినప్పుడు ఇల్లు విడిచి వెళ్లే పరిస్థితి రానివ్వకుండా అక్కున చేర్చుకోవలసిన బాధ్యత మాత్రం మనది. దాన్ని ఏ కోర్టు తీర్పూ మన బదులు నెరవేర్చలేదు.