ఏటికి ఎంత దూరంలో సాలె వీధి

వార్షికోత్సవ సంచికకు మన చరిత్ర మీద ఏదైనా రాయమని సమాఖ్య పెద్దలు అడిగారు. రాజుల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది మగ్గం, సంఘం లెక్కలు, వీధి. అందుకని వీధి గురించే రాస్తున్నాను. రాయగడ, గుణుపురం వైపు మన నేతగాళ్ళు ఇల్లు కట్టుకోవడానికి చోటు ఎలగ చూసుకునేవారు, ఆ చూపు తరవాత ఎలగ మారింది అన్నదే విషయం. ఇప్పుడు మన పిల్లలు పాత ఇళ్ళు అమ్మి కొత్త స్థలాలు కొంటున్నారు. కొనే ముందు ఒకసారి చదువుతారని ఆశ.

ముందు ఏరుల సంగతి. నాగావళి కలహండి కొండల్లో పుట్టి రాయగడ మీదుగా కిందికి దిగి శ్రీకాకుళం పట్టణం పక్కనుంచి సముద్రానికి పోతుంది. వంశధార కూడా ఆ కొండల వైపే పుట్టి గుణుపురం, హిరమండలం దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండూ ఇంచుమించు 250 కిలోమీటర్ల ఏరులే. రైలు, బస్సు లేని రోజుల్లో కొండలోకి దారి అంటే ఈ ఏటి లోయలే. కింద నుంచి ఉప్పు, బట్ట పైకి వెళ్ళేవి. పై నుంచి చింతపండు, పసుపు, కొండపత్తి దిగేవి. మన కుటుంబాల్లో చాలావాటి పెద్దలు తాము పొందూరు, రాజాం, బొబ్బిలి వైపు నుంచి వచ్చామని చెప్పుకుంటారు. అంటే ఏటికి ఎదురు నడిచి వచ్చినవాళ్ళం. ఇప్పటికీ పెళ్ళి సంబంధాలు ఏటి వాలునే కిందికి పోతాయి, ఆమదాలవలస స్టేషన్లో దిగుతాయి.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఈ కొండల్లో నేత మనతో మొదలవలేదు. కొండవాళ్ళకు ముతక బట్ట నేసి ఇచ్చింది డొంబులు. నియమగిరి డొంగ్రియా కోందుల ఆడపిల్లలు సూదిపని చేసే శాలువా, దేశమంతా ఇప్పుడు పేరు పొందింది, దాని అడుగు బట్ట డొంబుల మగ్గం మీదదే. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గానులు ఆల్ చెట్టు వేరుతో ఎరుపు, గోధుమ రంగులు తీసి నేస్తారు. ఆ బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అక్కడి గోవర్ధన్ పణికా గారికి 2018లో పద్మశ్రీ వచ్చింది. మనం వచ్చినది పట్నాల్లోకి. రాజు కోట, గుడి, సంత ఉన్న చోటికి. రాయగడ అనే పేరులోనే కోట ఉంది. నందపురం రాజు విశ్వనాథ దేవ్ 16వ శతాబ్దంలో ఇక్కడ కోట కట్టాడని, మజ్జిగౌరమ్మ గుడి అప్పటిదేనని చెబుతారు. రాజధాని తరవాత జయపురం వెళ్ళిపోయినా అమ్మవారు, సంత ఉండిపోయాయి. సంత ఉన్నంతకాలం నేతగాడికి ఊరు ఉన్నట్టే.

సరే, పట్నం దొరికింది. పట్నంలో ఏ మూల? ఇక్కడే మన పెద్దల తెలివి కనిపిస్తుంది.

మనది గుంట మగ్గం. మోకాళ్ళు దిగేంత లోతు గొయ్యి తీసి అందులో కాళ్ళు పెట్టుకుని నేలమీద కూచుని నేస్తాం. ఆ గొయ్యి ఎందుకు అని ఈ కాలం పిల్లలు అడుగుతారు. తొక్కుడు కర్రలకు చోటు కావాలి, అది ఒకటి. రెండోది చాలామందికి తెలీదు. నేల చల్లదనం పడుగుకు తగులుతూ ఉండాలి. వైశాఖంలో గాలి ఎండిపోతే నూలు పెళుసెక్కి టకటకా తెగుతుంది, రోజంతా పోగులు అతుక్కుంటూ కూచోవాలి. కొంచెం తేమ ఉంటే నూలు సాగి నిలబడుతుంది. అందుకని మెట్ట మీద, ఎండు నేల మీద ఇల్లు పనికిరాదు. అలాగని ఏటి ఒడ్డు కూడా పనికిరాదు. ఇసక నేలలో గుంట గోడలు రాలిపోతాయి. వానాకాలం వచ్చేసరికి గుంటలో నీరు ఊరుతుంది. ఒకసారి నీరు ఊరితే తొక్కుడు కర్రలు ఉబ్బుతాయి, తాళ్ళు కుళ్ళుతాయి, పడుగుకు బూజు పడుతుంది. సావుకారు నూలు తెచ్చి నేసేవాడికి ఒక పడుగు పాడయిందంటే ఆ ఏడాది అప్పు అక్కడే మొదలు.

కనక తేమ కావాలి, నీరు కూడదు. ఏటికి దగ్గర ఉండాలి, ఏటిలో ఉండకూడదు. ఎర్రమట్టిలో సన్నరాయి కలిసిన కొంచెం మెరక నేల, ఏటికి నడిచి వెళ్ళి వచ్చేంత దూరం, ఇదే వాళ్ళు వెతికిన చోటు. ఎలగ తెలుసుకునేవారు? మా తాతల నాటి పద్ధతి ఇది. శ్రావణమాసంలో ముసురు పట్టి ఉండగా స్థలంలో మగ్గం గుంటంత గొయ్యి తీసి, మీద తాటాకు కప్పి, మూడు రాత్రులు వదిలేసేవారు. నాలుగో పొద్దున తాటాకు తీసి లోపల చెయ్యి పెట్టేవారు. చెయ్యి చల్లగా అయితే మంచి స్థలం. చెయ్యి తడిస్తే వేరే చోటు చూసుకోవలసిందే. ఇందులో ఇంజనీరు పని ఏమీ లేదు.

రెండో లెక్క వీధి పొడుగు. నాలుగు చీరల పడుగంటే ఇరవై నాలుగు గజాల పైచిలుకు. దాన్ని చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, పోగు పోగు విడదీసి ఆరబెట్టాలంటే ఇంట్లో అయ్యే పని కాదు. వీధి కావాలి. వంకర లేకుండా, మధ్యలో చెట్టూ నుయ్యీ లేకుండా ఉండాలి. తెల్లవారుజామున, ఎండ చురుక్కుమనక ముందే ఆ పని అయిపోవాలి. అటూ ఇటూ నలుగురైనా పట్టాలి, అందుకని ఒక్క ఇల్లు ఒంటరిగా ఉంటే నేత సాగదు. ఈ వాడలో మనవాళ్ళు పది ఇళ్ళయినా ఉన్నారా అని చూసి మరీ చేరేవారు. జనం దీన్ని కుల పట్టింపు అనుకుంటారు. నేను ఒప్పుకోను, కుంచె పట్టే చేతుల లెక్క అది. పొద్దున్న నా పడుగుకు నువ్వు వస్తే రేపు నీ పడుగుకు నేను వస్తాను. మా పెదనాన్న అనేవాడు, "ఈది లేనోడు సాలోడు కాడ్రా" అని.

మూడోది నీళ్ళు. చిలపలు నానబెట్టడానికి, తొక్కి ఉతకడానికి, రంగు వేసినవాళ్ళకు రంగు కడగడానికి పారే నీరు కావాలి. ఉప్పు నూతి నీళ్ళలో రంగు మారిపోతుంది, అందుకని నూతి రుచి చూసి ఇల్లు కొన్నవాళ్ళు ఉన్నారు. ఇంటి ఆడవాళ్ళు చిలపల మూట నెత్తిన పెట్టుకుని రేవుకు వెళ్ళి తడి మూటతో తిరిగి రావాలి. తడి నూలు బరువు మోసిన వాళ్ళకే తెలుసు. ఏటికి దూరం ఎంత ఉండాలో నిజానికి తేల్చింది ఆడవాళ్ళే, మగవాళ్ళు గొయ్యి చూసుకున్నారు అంతే.

ఇటువంటి వీధి ఎంత గౌరవం తెస్తుందో చూడాలంటే బ్రహ్మపురం వెళ్ళాలి. అక్కడ పట్టు నేసే దేరావాళ్ళు మనవాళ్ళే, తెలుగు దేశం నుంచి వెళ్ళినవాళ్ళు. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణీ జాతరలో ఊరి దేవత బుఢీ ఠాకురాణి పుట్టింటికి వచ్చిన కూతురిలా వాళ్ళ పెద్ద దేశీబెహరా ఉండే వీధికే వస్తుంది. ఊరంతా అక్కడికి కదులుతుంది. వలస వచ్చినవాళ్ళ వీధి ఊరి దేవతకు పుట్టిల్లు అయిందంటే ఎంత స్థిరపడి ఉండాలి!

మన ఏరుల వైపు మార్పు 1931లో వచ్చింది. ఆ ఏడే పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలు పూర్తయింది, రాయగడ దాని మీద పడింది. ఆ ఏడే నౌపడ నుంచి పర్లాకిమిడి వచ్చే చిన్న రైలును గుణుపురం దాకా పొడిగించారు. మిల్లు నూలు బేళ్ళు ఇక స్టేషన్లో దిగడం మొదలు. అంతవరకు ఏటి వైపు చూసిన ఇళ్ళు స్టేషన్ వైపు చూడడం మొదలుపెట్టాయి. అయిదేళ్ళు తిరక్కుండా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, విశాఖపట్నం జిల్లాలో ఉన్న మనం కొరాపుట్ జిల్లా అయిపోయాం. ఇల్లు కదలలేదు, వీధి కదలలేదు, సరిహద్దు కదిలింది. అత్తవారిల్లు మద్రాసు రాష్ట్రంలో, పుట్టిల్లు ఒరిస్సాలో. దాంతో చోటు చూసుకునే లెక్కలో ఇంకోటి చేరింది, తెలుగు బడి ఎక్కడుంది అని. ఆ తరం పిల్లలు ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా నేర్చుకున్నారు. సంఘం అర్జీలు నేను ఈ రోజుకీ ఒడియాలోనే రాస్తాను. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయ్యాక ఆఫీసుల కోసం కొరాపుట్ కొండ ఎక్కే బాధ మాత్రం తప్పింది.

స్వాతంత్ర్యం వచ్చాక సహకార సంఘాలు బలపడ్డాయి. 1953లో మిల్లు బట్ట మీద సుంకం వేసి ఆ డబ్బు చేనేతకు, ఖాదీకి పెట్టాలని చట్టం వచ్చింది. 1985-86 నుంచి ఇల్లూ మగ్గం షెడ్డూ కలిపి కట్టించే కేంద్ర పథకం వచ్చింది. మంచి పథకాలే. కానీ స్థలం ఎంచే పని మన చేతుల్లోంచి పోయింది. చవగ్గా దొరికిన భూమిలో కాలనీ వేస్తారు. చవగ్గా దొరికే భూమి ఎక్కడుంటుంది? పల్లంలో, గెడ్డ పక్కన. ఒక ఊళ్ళో, పేరు ఎందుకులెండి, నేతగాళ్ళ కాలనీ అని బోర్డు కట్టి వరస ఇళ్ళు కట్టించారు. కొలతలు చక్కగా ఉన్నాయి. వీధి మాత్రం పదిహేను గజాలకే మలుపు తిరిగింది, పడుగు చాచే వీలు లేదు. మొదటి వానాకాలమే గుంటల్లో నీరు ఊరింది. ఏడాది తిరిగేసరికి సగం గుంటలు పూడ్చి సిమెంటు చేసేశారు. ఆ ఇళ్ళలోవాళ్ళు ఇప్పుడు ఏం పని చేస్తున్నారో చెబితే చేనేత లెక్కలు రాసేవాళ్ళకు నచ్చదు.

ఇక వరద. 1980 సెప్టెంబరులో వంశధార గుణుపురాన్ని ముంచిన సంగతి మన పెద్దలు ఎవరూ మరవలేదు. ఈ ఏరులతో వచ్చిన చిక్కు ఏమిటంటే, మన నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే చాలు, గంటల్లో నీరు దిగిపోతుంది. 2017 జులై 16న కల్యాణి ఏరు పొంగి తెరువళి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెననే పట్టుకుపోయింది. రాయీ ఇనుమూ పెట్టి కట్టిన వంతెనే ఆగలేదంటే గెడ్డ పోరంబోకులో మట్టి నింపి కట్టిన ఇల్లు ఏం ఆగుతుంది?

ఇప్పుడు రాయగడలో భూమి మాట వింటే తల తిరుగుతుంది. రైల్వే డివిజన్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన అయిన దగ్గర్నుంచి బ్రోకర్ల ఫోన్లు ఎక్కువయ్యాయి. పాత వీధిలో ఇల్లు అమ్మితే వచ్చిన డబ్బుతో ఊరి బయట రెండు ప్లాట్లు వస్తాయని పిల్లలు అంటున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను. పాత వీధిలో పడుగు చాచే చోటు ఎక్కడుంది, బైకులు నిలబెట్టడానికే చోటు లేదు. చాలామంది స్టాండ్ మగ్గాలకు మారారు, వాటికి గుంట అక్కర్లేదు. నెయ్యని ఇళ్ళే ఇప్పుడు ఎక్కువ. మన జిల్లా పొలాల్లో పత్తి పండుతుంది, నూలు మాత్రం బయటినుంచి కొని తెచ్చుకుంటాం. ఇలాంటి రోజుల్లో నేతకు పనికొచ్చే చోటే చూడు అని ఎవరికి చెప్పను?

కానీ ఒక్కటి గమనించండి. మగ్గం గుంట కోసం మన పెద్దలు తీసిన లెక్క మగ్గం లేని ఇంటికీ పనికొస్తుంది. వేసవిలో ప్లాటు చూపించేవాడు శ్రావణంలో చూపించడు. ఎప్పుడు కొన్నా సరే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక వానాకాలం ఆ స్థలం చూడండి. పక్క పొలం రైతును అడగండి, వరిచేలో నీరు ఎన్నాళ్ళు నిలుస్తుందని. దగ్గర్లో గెడ్డ పేరు ఏదైనా ఉందా అడగండి. పేరున్న గెడ్డ ఎండిపోయినట్టు కనిపించినా చచ్చిపోలేదు. నూతిలో నీరు ఎన్ని అడుగుల్లో ఉందో వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి కొలవండి.

ఇంకో పని మన సంఘం తరఫున మొదలుపెట్టాను. 1980లో నీరు ఏ వీధిలో ఏ ఇంటి గడప దాకా వచ్చిందో చూసినవాళ్ళ దగ్గర అడిగి ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. ఇప్పటికి పదకొండు ఇళ్ళ వివరం వచ్చింది. అందులో ముగ్గురు చెప్పిన ఆరు నెలల్లోపే కాలం చేశారు. గుణుపురం, రాయగడ, ఏటి పక్క గ్రామాల బంధువులు తమ ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళను అడిగి, గోడ మీద గుర్తు ఉంటే సున్నం కొట్టించక ముందే ఎత్తు కొలిచి, సంఘం ఆఫీసుకు తెలియజేయండి. ఆదివారం, సంత రోజు తప్ప మిగతా రోజుల్లో పొద్దున్న పది నుంచి నేను అక్కడే ఉంటాను.